అప్పు మంజూరు, చోటు నామంజూరు

మన ప్రభుత్వాలకు తోపుడుబండివాళ్లంటే పంచప్రాణాలు. నమ్మకం లేకపోతే ఏ మున్సిపల్ ఆఫీసు గోడ మీదైనా చూడండి. నిండుగా నవ్వుతున్న ఒక కూరగాయలావిడ, చేతిలో చెక్కు, వెనకాల నాయకుడు, కింద ‘ఆత్మనిర్భర్’ అని బారెడు అక్షరాలు. ఆ ఫ్లెక్సీ ఎండకూ వానకూ అక్కడే ఉంటుంది, దాన్ని ఎవరూ ఆక్రమణ అనరు. ఆ బొమ్మలో ఉన్నావిడ నిజం బండి తెచ్చి అదే గోడ కింద పెడితే మాత్రం అరగంటలో లారీ వస్తుంది.

2020 జూన్‌లో, లాక్‌డౌన్ దెబ్బకు బళ్లన్నీ ఇళ్ల ముందు గొలుసులేసి ఉన్న రోజుల్లో, కేంద్రం పీఎం స్వనిధి తెచ్చింది. పూచీకత్తు లేకుండా పదివేలు. సక్రమంగా కడితే 20 వేలు, అదీ కడితే 50 వేలు. వడ్డీలో 7 శాతం రాయితీ. ఫోన్‌లో డబ్బు తీసుకుంటే నెలకు వంద దాకా క్యాష్‌బ్యాక్. అదే ఏడాది నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ‘జగనన్న తోడు’ వచ్చింది. అదీ పదివేలే, వడ్డీ అసలు లేదన్నారు. 2025 ఆగస్టులో కేంద్రం మొదటి విడతను 15 వేలు, రెండో విడతను 25 వేలు చేసి, పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించింది. ఇందులో వెక్కిరించడానికేమీ లేదు. చేతికి తొమ్మిది వేలే ఇచ్చి పదివేలకు లెక్క రాసుకుని, రోజుకు వంద చొప్పున వంద రోజులు బండి దగ్గరే నిలబడి వసూలు చేసుకునే ఫైనాన్సువాడిని ఎరిగినవాళ్లకు బ్యాంకు అప్పు విలువ ఒకరు చెప్పక్కర్లేదు. వెక్కిరింపు ఎక్కడ మొదలవుతుందంటే, ‘ఈ అప్పుతో కొన్న బండిని ఎక్కడ పెట్టుకోమంటారు?’ అని అడిగినప్పుడు.

దానికీ ఒక చట్టం ఉంది. బ్రహ్మాండమైన చట్టం. వీధిలో అమ్ముకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛ కిందికే వస్తుందని 1989లోనే సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ముక్కను చట్టంగా రాయడానికి పార్లమెంటుకు పాతికేళ్లు పట్టింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం అయిదేళ్లకోసారైనా ఊళ్లో సర్వే చేయాలి. జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకు చోటు చూపి, చేతికి సర్టిఫికెట్ ఇవ్వాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు అందేదాకా ఎవరినీ లేపకూడదు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లను కదపాలంటే 30 రోజుల ముందు నోటీసు. సరుకు పట్టుకెళితే, అడిగి రుసుము కట్టాక, పాడయ్యేదైతే ఆ రోజే, పాడవనిదైతే రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఎన్నికై కూర్చోవాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అధ్యక్షులు మాత్రం కమిషనర్‌గారే. మరీ అంత ప్రజాస్వామ్యం ఒంటికి పడదు.

ఇంత శ్రద్ధగా రాసినవాళ్లు ఒక్కటి మరిచిపోయారు. నిబంధన తప్పిన బండివాడికి 2,000 రూపాయల దాకా జరిమానా రాశారు. నిబంధన తప్పిన అధికారికి ఎంతో రాయలేదు. అంత పెద్ద చట్టం రాస్తున్నప్పుడు చేయి నొప్పి పుట్టి ఉంటుంది.

సర్టిఫికెట్ లేనివాళ్లకు కూడా స్వనిధిలో దారి ఉంది. మున్సిపాలిటీ సిఫార్సు లేఖ ఇస్తే అప్పు పుడుతుంది. అంటే, ‘ఈమె ఫలానా వీధిలో వ్యాపారం చేసుకుంటోంది, మేమెరుగుదుం’ అని మున్సిపాలిటీయే సంతకం పెడుతుందన్నమాట. ఆ లేఖ బ్యాంకులో చెల్లుతుంది, వీధిలో చెల్లదు. అప్పు ఇప్పించే విభాగం ఒకటి, బండి ఎత్తించే విభాగం ఇంకొకటి. రెండూ ఒకే మేడలో ఉంటాయి. ఒకరు లబ్ధిదారుల జాబితా తయారుచేస్తారు, ఇంకొకరు ఆక్రమణదారుల జాబితా తయారుచేస్తారు. రెండు జాబితాల్లోనూ పేర్లు అవే. కావాలంటే ఒక జాబితానే రెండు జిరాక్సులు తీయించుకోవచ్చు, ఖర్చు కలిసొస్తుంది.

ఏ ఊరి పేరైనా పెట్టుకోండి, పొద్దుటి పూట జరిగే నాటకం ఇదే. ఇడ్లీ రేకులు ఇంకా పొయ్యి మీదే ఉంటాయి.

“ఎత్తండ్రా,” అంటాడు సిబ్బందిలో పెద్దాయన.

“బాబూ, ఈ బండి మీద మీ అప్పే ఉంది గదా. మీరట్టుకుపోతే ఈ నెల వాయిదా మీరు కడతారేటి?”

“అది వేరే సెక్షనమ్మా. మాకు సంబంధం లేదు.”

“మరి ఆ సెచ్చనోలికి ఓ మాట సెప్పండి బాబూ, బండి నేదని.”

“ఆఫీసుకొచ్చి అర్జీ పెట్టుకో.”

గిన్నెడు పిండి లారీ ఎక్కుతుంది. పాడయ్యే సరుకు ఆ రోజే ఇచ్చేయాలన్న సెక్షను ఇడ్లీ పిండికి వర్తిస్తుందో లేదో తేల్చవలసినాయన మధ్యాహ్నం దాకా సీట్లోకి రాడు. పిండికి ఆ సంగతి తెలీదు. అది ఎండలో పొంగి, మూత తోసుకుని, పక్కనున్న కొబ్బరిబోండాల మీదుగా కారిపోతుంది. సాయంత్రానికి బండి దక్కినా చక్రం ఒకటి వంగి ఉంటుంది, స్టవ్ కనిపించదు, మిగిలిన పిండి పులిసి ఉంటుంది. వాయిదా మాత్రం తాజాగా ఉంటుంది.

ఇలా చెబితే ప్రభుత్వం దగ్గర స్థలం లేదేమో అనుకుంటారు. అపార్థం చేసుకోవద్దు. విశాఖపట్నంలో 2025 ఏప్రిల్‌లో ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలు టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. 1,370 కోట్ల పెట్టుబడి, 12 వేల ఉద్యోగాలు అన్నారు. రావాలనే కోరుకుందాం. అదే ఏడాది సెప్టెంబరులో అదే నగరంలో ‘ఆపరేషన్ లంగ్స్’ పేరిట రోడ్ల పక్కనున్న బళ్లూ బడ్డీలూ తీసేశారు, పాత జైలు రోడ్డులో రాత్రిపూట కళకళలాడే ఫుడ్ కోర్టుతో సహా. నవంబరులో సీఐఐ భాగస్వామ్య సదస్సు జరిగింది. పెట్టుబడి పెట్టడానికి వచ్చేవాళ్ల కంటికి ఊరు నదురుగా ఉండాలి గదా. అందుకని అప్పటికే పెట్టుబడి పెట్టేసి వ్యాపారం చేసుకుంటున్నవాళ్లు కనబడకుండా పోవాలి.

ఒక చిన్న లెక్క వేద్దాం. తోపుడుబండికి ఎంత చోటు కావాలి? నాలుగడుగులు అటు, ఆరడుగులు ఇటు, మొత్తం 24 చదరపు అడుగులు. ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు. 99 పైసలు ఎకరాకే అని ఉదారంగా లెక్కేసినా, ఆ డబ్బుకు 1,815 బళ్లు పడతాయి. పైసాకు 18 బళ్లు! బీచ్‌లో మురీ మిక్చర్ అమ్ముకునే ఆయనకు ఈ ధర చెబితే ముని మనవడి దాకా లీజు ఇప్పుడే రొక్కం పెట్టి కట్టేస్తానంటాడు. చిల్లర దొరకడమే కష్టం. పావలా, అంతకు తక్కువ నాణేలు 2011లోనే చెలామణిలోంచి పోయాయి కాబట్టి 99 పైసలు సరిగ్గా లెక్కపెట్టి ఇవ్వడం టీసీఎస్‌కైనా అయ్యే పని కాదు.

ఉద్యోగాలిచ్చేవాళ్లకు స్థలమిస్తే నీకెందుకు ఏడుపు అంటారు. ఈ మురీ మిక్చర్ ఆయన కూడా ఒక ఉద్యోగం ఇచ్చాడండీ, తనకు తానే. ఉల్లిపాయలు తరిగి పెట్టే భార్యకు ఇంకొకటి. దానికి ప్రభుత్వం పెట్టిన ఖర్చు సున్నా. మంత్రివర్గం కూర్చోలేదు, ఎంఓయూ రాసుకోలేదు, శాలువా కప్పించుకోలేదు. బహుశా అదే ఆయన చేసిన తప్పు.

పోనీ, వ్యాపారానికి అనుమతి ఎలా ఇవ్వాలో మనవాళ్లకు తెలీదా అంటే, అదీ కాదు. సర్కారు కాగితం దొరక్కపోయేసరికి వీధి తన పద్ధతి తాను ఏర్పాటు చేసుకుంది. ఫారం లేదు, ఆధార్ లింకు లేదు, ఓటీపీ రాదు, సర్వర్ డౌన్ కాదు. అధికారం ఉన్నాయనే బండి దగ్గరికి నడిచొస్తాడు. పాతికో యాభయ్యో, కాదంటే ఇంటికి రెండు ప్లేట్ల బజ్జీ పార్సిల్. అనుమతి అక్కడికక్కడే, గడువు బండి కట్టేసేదాకా. మర్నాడు రెన్యువల్. ‘స్పీడ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్’ అని మన పెద్దలు వేదికలెక్కి చెప్పేది ఈ ఒక్కచోట అక్షరాలా అమలవుతోంది. పైగా ఏ ప్రభుత్వం వచ్చినా రద్దు కాని పథకం ఇదే. పేరు కూడా మార్చలేదు, మామూలే.

2014లో వీధి వ్యాపారుల చట్టంతో పాటే తెలంగాణలో ఇంకో చట్టం పుట్టింది, టీఎస్ ఐపాస్. భారీ పరిశ్రమ పెడతామంటే 15 రోజుల్లో అనుమతులు ఇచ్చేయాలి, గడువు దాటితే ఇచ్చినట్టే లెక్క. ఎంత చల్లని వాక్యం! దాన్ని కత్తిరించి తోటి చట్టంలో అతికిస్తే, సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టిన ఇడ్లీ బండామె పదహారో రోజున ధీమాగా పొయ్యి వెలిగించుకోదూ? అంత సాహసం మాత్రం ఎవరూ చేయరు. ఫ్యాక్టరీ కట్టేవాడిని నమ్మవచ్చు, ఇడ్లీ వండేదాన్ని నమ్మితే రాజ్యం ఏమైపోతుంది?

అనుమతికి ఇంకో దారి వైరల్ కావడం. 2024 జనవరి నెలాఖర్లో హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక భోజనం బండి దగ్గర జనం, యూట్యూబర్లు మూగి ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు వ్యాపారం ఆపించారు. ఊరంతా గోల. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పించుకుని, బండిని అక్కడే ఉండనివ్వమని చెప్పారు. మంచి పనే. కాకపోతే చట్టం వచ్చి పదేళ్లు కావస్తున్నా ఒక అన్నం బండి రోడ్డు పక్కన నిలబడాలంటే ముఖ్యమంత్రి మాట కావలసి వచ్చింది. తక్కిన బళ్లవాళ్లకు నా సలహా: తాలింపు తర్వాత నేర్చుకోవచ్చు, ముందు రీల్స్ నేర్చుకోండి.

ఫుట్‌పాత్ నడిచేవాళ్లది కాదా, అంబులెన్సు ఎలా పోవాలి అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబుగానే చట్టం రెండున్నర శాతం హద్దు పెట్టింది, అమ్మకూడని జోన్లు పెట్టింది. మరి అమ్ముకునే జోన్లు ఎక్కడున్నాయో వెతికితే, మనిషి అడుగుపెట్టని ప్రహరీగోడ వెనకాల, మురుగుకాలవ పక్కన, తుప్పుపట్టిన బోర్డు కింద దొరుకుతాయి. కొనేవాడు లేని చోట అమ్ముకునే హక్కు పుష్కలంగా ఉంది. ఇక రోడ్డు మూసేసేది ఎవరన్న సంగతి. బట్టల షోరూం ముందు వరసగా నిలిపిన కార్లను లెక్కపెట్టండి. ఒక్కో కారు మూడు బళ్ల చోటు తినేస్తుంది, పూటంతా ఊరికే నిలబడుతుంది, ఎవరి కడుపూ నింపదు. దాన్ని ఎవరూ లారీలో ఎక్కించరు. దాని పక్కన జామకాయలు అమ్మే ముసలమ్మ ఆక్రమణదారు.

కాగితాల మీద మాత్రం ఆ ముసలమ్మకు గొప్ప హోదా దొరికింది. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ సంస్థ అంటే రెండున్నర కోట్ల దాకా పెట్టుబడి, 10 కోట్ల దాకా టర్నోవరు. గంపెడు జామకాయలావిడా, ఏటా తొమ్మిది కోట్లు తిప్పే ఆసామీ ఇద్దరూ సూక్ష్మమే. సూక్ష్మ సంస్థలకు ఇంతింత మేలు చేశామని చెప్పే అంకెలో ఎవరి వాటా ఎంతో ఆ అంకెకే తెలియాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 విధానాల్లో ఇంటికో పారిశ్రామికవేత్త తయారవ్వాలని నినాదం ఇచ్చింది. చాలా ఇళ్లలో ఇప్పటికే తయారై ఉన్నారు. పొద్దున నాలుగింటికి లేచి పిండి రుబ్బుతున్నారు. వాళ్లను కొత్తగా తయారుచేయనక్కర్లేదు, ఎత్తకుండా ఉంటే చాలు.

కాబట్టి కమిషనర్లకూ మంత్రులకూ ఒక విన్నపం. కొత్త పథకం వద్దు, పాతదానికి కొత్త పేరు అసలే వద్దు. సర్వే పూర్తిచేసి సర్టిఫికెట్లు ఇవ్వండి. కమిటీలో ఎన్నికైన వ్యాపారులను కూర్చోబెట్టి, వాళ్లు చెప్పిన చోట జోన్ గీయండి. బండి ఎత్తిన రోజే ఆ బండి మీదున్న వాయిదా ఆపమని బ్యాంకుకు లేఖ రాయండి. మేడ ఒకటే కాబట్టి ఆ సంతకం కోసం బస్సెక్కి పోనక్కర్లేదు. లేపక తప్పదనుకుంటే చట్టం చెప్పిన 30 రోజుల నోటీసు ఇవ్వండి. కాగితాలకు బడ్జెట్ లేదంటారా, స్వనిధి క్యాష్‌బ్యాక్ నెలకు వంద దాకా వస్తుందని మీరే చెప్పారు. అందులోంచి జిరాక్సు డబ్బులు బళ్లవాళ్లే ఇచ్చుకుంటారు.