కండక్టివిటీ సెల్ గోడు

నేను కండక్టివిటీ సెల్‌ని, ద్రావణాల విద్యుద్వాహకతను కొలిచే పరికరాన్ని. గాజు గొట్టంలో ఎదురెదురుగా రెండు ప్లాటినం రేకులు, వాటి మీద ముఖమల్ లాంటి నల్లని పూత. ఆ నలుపు కూడా ప్లాటినమే. విశాఖపట్నంలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేశాను.

ముందుగా నన్ను 0.01 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ముంచి, 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్ చూపేలా సరిచూసేవారు. ఆ తర్వాత బోరునీళ్ళయినా, ఆర్కే బీచ్ నుంచి సీసాలో తెచ్చిన సముద్రపు నీళ్ళయినా నా మాటే చెల్లేది.

నా గర్వమంతా పాలీ ఎలక్ట్రోలైట్లతో చేసిన పని గురించే. ఉక్కు కర్మాగారాల్లో బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ కడిగిన నీళ్ళలో దుమ్ము అడుక్కి దిగడానికి కలిపే మందు ఆ జాతిదే. పొడవాటి గొలుసులాంటి అణువు, దాని ఒంటినిండా విద్యుదావేశాలు, చుట్టూ వాటికి ఎదురు ఆవేశమున్న అయాన్లు. మామూలు ఉప్పునీళ్ళలో సోడియం, క్లోరైడ్ ఎవరి దారిన అవి పోతాయి. రుణావేశాలు మరీ దగ్గరగా ఉన్న గొలుసు మాత్రం కొన్ని సోడియం అయాన్లను తన చుట్టే కట్టిపడేస్తుంది. నీళ్ళలో ఆవేశాల మధ్య ఎడం ఇంచుమించు 7 ఆంగ్‌స్ట్రాములకన్నా తగ్గితే అలా జరుగుతుందని 1969లో గెరాల్డ్ మానింగ్ సిద్ధాంతం చెప్పింది. పాలీస్టైరీన్ సల్ఫొనేట్ అనే గొలుసులో ఆ ఎడం రెండున్నరే. ఆ లెక్కన నూటికి 65 సోడియం అయాన్లు బందీలు. అంతకుముందే, 1950లో, అమెరికాలో హ్యూజెంగా, గ్రీగర్, వాల్ రేడియోధార్మిక సోడియంతో పాలీఅక్రిలిక్ ఆమ్లం ద్రావణాలను పరీక్షించారు. ధనావేశమున్న సోడియంలో కొంత గొలుసు వెంటపడి ధన ఎలక్ట్రోడ్ వైపే నడిచింది!

అలా అయాన్లు బందీ కావడం వల్ల మా ల్యాబ్‌లో నా రీడింగు తక్కువగా వచ్చినప్పుడు ఒక పరిశోధక విద్యార్థిని నన్ను అనుమానించలేదు. ద్రావణాన్ని పలచన చేస్తూ, చీకటి పడేదాకా మళ్ళీ మళ్ళీ కొలిచింది. నన్నంతగా నమ్మిన మనిషి మరొకరు లేరు.

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక నన్ను పట్టించుకున్నవాళ్ళు లేరు. పని కాగానే కడిగి స్వేదనజలంలో ఉంచాలి. ఉంచలేదు. గొలుసు అణువులు నా నలుపు సందుల్లో అతుక్కుపోయాయి. వేసవి సెలవులంతా ఖాళీ బీకరులో ఎండిపోయాను. సముద్రపు గాలికి టెర్మినళ్ళు చిలుము పట్టాయి. తర్వాత ఎవరో నా నలుపును మురికనుకుని దూదితో గట్టిగా రుద్దేశారు. అది నా ప్రాణం. ఆ పూతతో రేకు ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఎలక్ట్రోడ్ దగ్గర ధ్రువణం తగ్గుతుంది, రీడింగు నిజం పలుకుతుంది. అది ఊడాక నా లెక్కలు తప్పాయి. "సెల్ పోయింది సార్" అన్నారు. కొత్త డిజిటల్ మీటరు రాగానే విరిగిన బ్యూరెట్లతో పాటు నన్నూ అట్టపెట్టెలో పడేశారు.

నేను పోలేదు. రేకులు శుభ్రం చేసి, చిటికెడు లెడ్ ఎసిటేట్ కలిపిన క్లోరోప్లాటినిక్ ఆమ్లంలో ఉంచి కరెంటు పంపితే నా నలుపు తిరిగొస్తుంది. మీ ల్యాబ్‌లో నాలాంటిది మూలపడి ఉంటే పారేయకండి. పూత వేయించి, పొటాషియం క్లోరైడ్‌తో సెల్ స్థిరాంకం కొత్తగా లెక్కకట్టండి. ఆ పూతను మాత్రం ఎప్పుడూ తుడవకండి.