చెత్తబుట్ట పద్యానికి టీకాతాత్పర్యాలు

ఆ. తడిని పొడిని కలిపి తట్టలో వేసిన
నెరువు కాదు పాత యినుము కాదు
వేరు చేయు నింట వీధికుక్కకు లేదు
విందు, బండివాడు వినఁగఁ జెప్పె.

అవతారిక: మున్సిపాలిటీ బండి సందు మొదట్లో ఉండగానే మూడో అంతస్తు నుంచి కవరు విసరబోతున్న గృహస్థుతో పారిశుద్ధ్య కార్మికుడు పలికిన పద్యం ఇది. రోజూ చెప్పేది వచనమే. వినేవాళ్లు లేక ఛందస్సుకు దిగింది.

ప్రతిపదార్థం: తడిని = మెతుకులు, కూరతొక్కలు, వాడిన పూలు, (పేరులో పొడి ఉన్నా) వడగట్టిన టీపొడి మొదలైనవాటిని; పొడిని = కాగితం, సీసా, అట్టపెట్టె, కడిగి ఆరేసిన పాలప్యాకెట్టు మొదలైనవాటిని; కలిపి = ఒకే నల్లకవరులో కుక్కి, మెడ బిగించి; తట్టలో వేసినన్ = బుట్టలో పడేస్తే; ఎరువు కాదు = మొక్కకు పనికిరాదు; పాత యినుము కాదు = తూకానికీ పనికిరాదు; వేరు చేయు నింటన్ = వేరుచేసే ఇంటి ముందు; వీధికుక్కకు విందు లేదు = కవరు చింపే పని కుక్కకు ఉండదు; బండివాడు = పారిశుద్ధ్య కార్మికుడు (గణం కోసం 'వాడు' పడింది; టీకాకారుడు 'గారు' చేర్చుకునే చదువుతున్నాడు); వినఁగన్ = చెవిన పడేలా; చెప్పెన్ = చెప్పాడు.

తాత్పర్యం: సాంబారు అంటిన పేపరును పాతపేపర్లవాడు ముట్టుకోడు. గాజుపెంకు దొర్లిన తొక్కలు ఎరువుకు పోవు. విడివిడిగా ఉంటే రెండూ సరుకే.

విశేషాలు: రెండో పాదంలో ఎకార ఇకారాలకు యతిమైత్రి ఉంది. తడికీ పొడికీ లేదు.

'పాత యినుము' అన్నది ఉపలక్షణం. అమ్ముడుపోయేదంతా అందులోకే వస్తుంది. అల్యూమినియం డబ్బానే చూడండి: ఖనిజం నుంచి కొత్తగా తీయడం కన్నా పాతదాన్ని కరిగించి వాడితే దాదాపు 95 శాతం శక్తి మిగులుతుంది. చిప్స్ ప్యాకెట్టుకు ఈ యోగం లేదు. ప్లాస్టిక్కూ లోహపు పూతా అందులో విడదీయరానంతగా అంటుకుని ఉంటాయి. కంపెనీవాడే కలిపి అమ్మిన చెత్త అది.

'ఎరువు' దగ్గర కొంచెం ఆగాలి. అడుగున చిల్లులున్న కుండీలో ముందు ఎండుటాకులు, వాటిపైన తొక్కలు, మళ్లీ ఎండుటాకులు లేదా కొబ్బరిపొట్టు, ఆపైన కాస్త పుల్లమజ్జిగ. నత్రజని ఒక పాలుకు కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉండాలని శాస్త్రకారులంటారు. వంటింటి లెక్కలో గిన్నెడు తొక్కలకు రెండు గిన్నెల ఆకులు. పిడికిట పట్టి పిండితే చెయ్యి చెమ్మగిల్లాలి గాని నీళ్లు కారకూడదు. కంపు కొట్టిందంటే తడి ఎక్కువై గాలి ఆడటం లేదన్నమాట. ఆకులు కలిపి తిరగెయ్యాలి. చేపముల్లు వెయ్యకూడదు, పిల్లి తన వ్యాఖ్యానం మొదలుపెడుతుంది. రెండు మూడు నెలలకు దిగే నల్లటి పొడిని కరివేపాకు మొక్క ఇష్టంగా తింటుంది. సూర్యాపేట పట్టణం ఈ శతాబ్దం మొదట్లోనే తడిచెత్తతో వానపాముల ఎరువు చేసి అమ్మింది కాబట్టి, ఇది జరిగేపని కాదనే వాదం చెల్లదు.

'వేసిన' అనడంలో, అసలు వెయ్యకపోతే మరీ మంచిదనే ధ్వని ఉంది. సిద్దిపేటలో స్టీలు బ్యాంకు పెట్టి, శుభకార్యాలకు స్టీలు పళ్లాలూ గ్లాసులూ ఇచ్చేది ఈ ధ్వని తెలిసినవారే.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు మాత్రం ఇంటి చెత్తను మూడుగా విభజించాయి. మూడోది బ్యాటరీలు, కాలం చెల్లిన మందులు, రంగుడబ్బాల వంటి ప్రమాదకరమైన చెత్త. డైపర్లూ ప్యాడ్లూ విడిగా పొట్లం కట్టి ఇవ్వాలన్నాయి. ఇంత సరంజామా ఆటవెలదిలో పట్టక కవి వదిలేశాడని పెద్దల మతం.

పూర్వపక్షం: "మేం వేరుచేసి ఇచ్చినా బండిలో అంతా కలిపేస్తారు కదా!" ఇది 202 ఫ్లాటువారి మతం. చాలా అపార్టుమెంట్లలో దీనికి అనుయాయులున్నారు. కొన్ని బండ్ల విషయంలో అబద్ధమూ కాదు.

సిద్ధాంతం: ఆ వాదం చేసేవారు బండి వెనక్కి వెళ్లి ఒకసారి చూడాలి. పక్కన కొక్కేలకు గోనెసంచులు వేలాడుతుంటాయి. ఒకదాంట్లో అట్టముక్కలు, ఒకదాంట్లో నీళ్ల సీసాలు. పాత సామాన్ల కొట్టులో అవి అమ్మితే వచ్చే డబ్బు ఆ కుటుంబానికి జీతం మీద ఆసరా. 202 వారి ముడి విప్పి, పెరుగన్నంలోంచి ఆ సీసాను చేత్తో ఏరి తీసినప్పుడే అది సంచిలోకి చేరుతుంది. కనక బండిలో కలుస్తుందన్న నిజం, ఇంట్లో కలపడానికి హేతువు కాజాలదు.

చివరిగా ఒక క్లిష్టాంశం. కొబ్బరిబోండాం తడా, పొడా? కుళ్లుతుంది కనక తడి అని ఒకరు. నెలల తరబడి కుళ్లదు, యంత్రంలో పడితే పళ్లు విరగ్గొడుతుంది కనక విడిగా ఉంచాలని మరొకరు. వ్యాఖ్యాతల మధ్య ఇంకా రాజీ కుదరలేదు. ఈలోగా మా వాచ్‌మన్ వాటిని కత్తితో నాలుగు చెక్కలు చేసి, గోడమీద ఎండబెట్టి, నీళ్లు కాచుకుంటున్నాడు.