పాడుకో నాయనా, సీటొచ్చాక!

మన ఇళ్లలో పాటకు హోదా వయసును బట్టి మారుతుంది. ఐదో తరగతిలో అది ముచ్చట. చుట్టాలొస్తే చాలు, "ఏదీ, మావయ్యకో పాట వినిపించు" అని ముందుకు తోస్తాం. పదో తరగతిలో కాలక్షేపం. ఇంటర్‌లో పిచ్చి. ఉద్యోగమొచ్చాక హాబీ. టీవీలో కనిపిస్తే మాత్రం మన వంశంలోనే ఉన్న విద్య.

ఎంపీసీలో చేర్చిన రోజే శ్రుతిపెట్టె పాత దుప్పట్లో చుట్టుకుని అటకెక్కుతుంది. హాస్టల్‌కి ట్రంకుపెట్టె సర్దుతూ నాన్న భరోసా ఇస్తాడు: "రెండేళ్లు కళ్లు మూసుకుని చదివెయ్‌రా, తర్వాత అంతా నీ ఇష్టమే." ఆ రెండేళ్లూ ఎంట్రన్స్‌తో తీరవు. బీటెక్, ఎమ్మెస్, హెచ్‌వన్‌బీ, పెళ్లి, ఇంటి లోను... కళ్లు తెరిచేసరికి గొంతు పోయి బీపీ వచ్చి ఉంటుంది.

పాపం, ఘంటసాలకు మనలాంటి మావయ్యలు దొరకలేదు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుంటూ ఇంటింటా మధుకరం ఎత్తి కడుపు నింపుకున్నాడాయన. "ప్యాకేజీ ఎంత బాబూ?" అని అడిగితే జోలె చూపించాల్సి వచ్చేది. బాలసుబ్రహ్మణ్యమైతే దాదాపు దారిలో పడ్డారు. అనంతపురంలో ఇంజినీరింగ్‌లో చేరారు, అది మానేసి మద్రాసులో ఏఎంఐఈ పట్టుకున్నారు. తీరా 1966లో సినిమాకి పాడి, చేతికందబోయిన ఇంజినీరును దేశానికి దక్కకుండా చేశారు. ఎంత నష్టం! జయంతులకు ఈ ఇద్దరి పటాలకూ దండలేసేది మనమే. పక్కింటి కుర్రాడు పొద్దున్నే సరళీస్వరాలు అందుకుంటే "ఏమండీ, మీవాడికి పరీక్షలు లేవా?" అని కిటికీలోంచి ఆరా తీసేదీ మనమే.

అసలు వినోదం డల్లాస్‌లో ఉంది. ఇక్కడ అటకెక్కిన సంగీతాన్నే మనవాడు అక్కడ కూతురి కోసం గంటకింతని డాలర్లు పోసి కొంటాడు. తెలుగు సంఘం సభలో పిల్ల పాడిన కీర్తన వాట్సాప్‌లో దిగగానే తాతగారు కళ్లొత్తుకుంటారు: "మన సంస్కృతి అమెరికాలోనే బతికుందిరా!" మరి ఇక్కడ దాన్ని చంపిందెవరని అడక్కండి. అటక మీదికి నిచ్చెన వేసింది ఆయనే.

కాబట్టి, పాడాలనుకున్న అబ్బాయీ, అమ్మాయీ, మా మాట వినకండి. మీరు పైకొస్తే "మేం ముందే చెప్పాం" అంటాం. రాకపోయినా "మేం ముందే చెప్పాం" అంటాం. ఎటు తిరిగీ మా డైలాగు మారదు. దానికోసం మీ రాగం మార్చుకోవడం దేనికి?