ముళ్ల పెద్దమ్మ

పేరు చూసి ఆవిడ మాటలు గుచ్చుకుంటాయేమో అనుకునేరు. గుచ్చుకుంటాయి, కాదనను. కానీ ఇక్కడ ముళ్లు అంటే ముల్లుకి బహువచనం కాదు, ముడికి.

ఇలాంటి మనిషి మీ చుట్టాల్లోనూ ఒకావిడ ఉండే ఉంటుంది. పెళ్లింట్లో అడుగు పెడుతూనే చెంగు బొడ్లో దోపుకుని, "గారెలు ఎప్పుడు వేస్తారర్రా, మగపెళ్లివారు బస్సెక్కాకా?" అని అందర్నీ పరుగులు పెట్టించే రకం. గారె గుండ్రంగా వచ్చిందా, చిల్లు నడిమధ్య పడిందా అని చూడదు. విస్తట్లో పడిందా లేదా, అంతే. ఈ రకం మనిషిని దేవుడు మన దగ్గరే చేసి ఊరుకున్నాడనుకున్నాను. పెన్సిల్వేనియాలో లాంకస్టర్ కౌంటీకి కాపురం వచ్చాక తెలిసింది, అచ్చు అదే, ఒంటిమీద బట్ట ఒక్కటే వేరని. చీర బదులు జీన్సు ప్యాంటు. బొడ్లో చెంగు బదులు మెళ్లో తాడుకి వేలాడే చిన్న కత్తెర. వయసు డెబ్భై ఎనిమిది. చెవిలో మిషను ఉంది గానీ, తనకి నచ్చని మాట మొదలవగానే దాని బ్యాటరీ అయిపోతుంది.

ఈ కౌంటీ చేతికుట్టు క్విల్టులకి పేరు మోసింది. ఆమిష్, మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖల ఆడవాళ్లు కుట్టినవి కొనుక్కోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అలాంటి చోట కూర్చుని "కుట్టెందుకు, ముడేస్తే సరిపోదూ!" అనడమంటే, ధర్మవరంలో మగ్గం ఎదుట నిలబడి నైలాను చీరని మెచ్చుకోవడమే. ఆ పని పెద్దమ్మ ప్రతి మంగళవారం, చర్చి కింది హాల్లో, గొంతెత్తి మరీ చేస్తుంది.

క్విల్టు మన బొంతకి దూరపు చుట్టం. పైన రంగురంగుల ముక్కలు కలిపిన గుడ్డ, అడుగున ఒక దుప్పటి, మధ్యలో పలచగా పరిచిన దూది. ఆ దూది పొరని బ్యాటింగ్ అంటారు. మొదటి మంగళవారం నేను ఇంటికొచ్చి, "బ్యాటింగ్ బాగా లేదని పెద్దావిడ నలుగురిలో అనేసింది" అని కళ్లు తుడుచుకుంటే, మా ఆయన ఫోన్లోంచి తలెత్తి "ఎన్నింటికి అవుటయ్యావు?" అన్నాడు.

మూడు పొరలూ ఒకదాని మీద ఒకటి జారకుండా ఉండాలంటే దారులు రెండు. ఒకటి, దుప్పటంతా సన్నటి కుట్టు పరుచుకుంటూ పోవడం. మంచి చేతివాటం ఉన్నవాళ్లు అంగుళానికి పది కుట్లు వేస్తారు. నెలలు పడుతుంది, వెన్ను పోతుంది, చూసినవాళ్లు నోరు వెళ్లబెడతారు. రెండోది, నాలుగేసి అంగుళాలకి ఒక చోట దారం కిందికి దించి, పక్కనుంచి పైకి లాగి, ముడేసి, కొసలు కత్తిరించడం. ఒక మధ్యాహ్నం చాలు. ఇలా ముడేసినదాన్ని మెన్నొనైట్లు క్విల్టు అనరు, కంఫర్టర్ అంటారు. అది గొప్పగా అంటున్నారో, వేరు కుంపటి పెట్టి అంటున్నారో నాకిప్పటికీ తేలలేదు.

పెద్దమ్మ మాత్రం ఆ తేడా పట్టించుకోదు. ఆవిడకి దుప్పట్ల బేళ్లు నిండాలి. మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ అని ఒకటుంది. 1920లో దక్షిణ రష్యాలో, అంటే ఇప్పటి ఉక్రెయిన్ వైపు, కరువులో చిక్కుకున్న వాళ్లకోసం మొదలుపెట్టారు. దాని పెద్దాఫీసు ఈ కౌంటీలోనే, ఆక్రన్ అనే చిన్న ఊళ్లో ఉంది. సిరియా, జోర్డాన్, ఉక్రెయిన్‌లలో ఇల్లూవాకిలీ వదులుకున్నవాళ్లకి పంపడానికి వాళ్లు ఈ ముడి దుప్పట్లు పోగుచేస్తారు. అరవై అంగుళాల వెడల్పు, ఎనభై పొడవు. నాలుగంగుళాలకొకటి చొప్పున లెక్కేస్తే లోపల 266 ముళ్లు. మనకి పెళ్లికి మూడు. ఆ లెక్కన ఒక్క దుప్పటితో 88 పెళ్లిళ్లు చేసి, చేతిలో ఇంకా రెండు ముళ్లు మిగుల్చుకోవచ్చు.

హాల్లో నాలుగు కర్రలు చట్రంలా బిగించి, కుర్చీల వీపుల మీద ఆనించి, దాని మీద దుప్పటి లాగి కడతారు. దూరం నుంచి చూస్తే నులక మంచం చుట్టూ పరామర్శకొచ్చిన వాళ్లలా కనపడతాం. పెద్దమ్మ మాత్రం కూర్చోదు. చుట్టూ తిరుగుతుంది. ముక్కల రంగులు కలిశాయా అని ఆవిడ ఎన్నడూ చూడగా నేను చూళ్లేదు. గులాబీల గుడ్డ పక్కన ఫుట్‌బాల్ బొమ్మల గుడ్డ, దాని పక్కన ఎవరింటి కిటికీదో పాత పరదా. ఒకసారి గళ్ల పైజామా ముక్క కనబడితే "పాపం, మీ ఆయన గుర్తుగానా?" అన్నాను. "గుర్తేమిటి? ఇంట్లోనే ఉన్నాడు. పొద్దుట్నుంచి దానికోసం వెతుకుతున్నాడు" అంది.

పని మాత్రం చెయ్యి తిరిగిన పని. సూదిలో బారెడు దారం ఎక్కించి, ఒక్కో చోటా గుచ్చి తీస్తూ, మధ్యలో తెంపకుండా వరసంతా వెళ్లిపోతుంది. వరస మీద దారం వంతెనల్లా నిలబడుతుంది. దళసరి చోట సూది మొరాయిస్తే, జేబులోంచి పగిలిన బుడగ ముక్క తీసి దాంతో పట్టుకుని లాగుతుంది. ఆ రబ్బరు పట్టులో సూది జారదు. వరస అయ్యాక మెళ్లో కత్తెర అందుకుని వంతెనలన్నీ నడిమికి టకటకా కత్తిరిస్తుంది. ఇక ముళ్లు. "కుడి ఎడమ మీదికి, ఎడమ కుడి మీదికి." అప్పుడే ముడి చదరంగా, గట్టిగా కూర్చుంటుంది. రెండుసార్లూ కుడినే పైకి వేశామో, అది జారిపోతుంది. ఆ పనికిమాలిన ముడికి ఇంగ్లిషువాళ్లు గ్రానీ నాట్ అని పేరు పెట్టుకున్నారు, అంటే ముసలమ్మ ముడి. ఎవరి ముడి ఊడినా పెద్దమ్మ పడే బాధ ముడి ఊడినందుకు కాదు, దానికి ఆ పేరున్నందుకు.

వేసిన ముడి వేసినట్టు ఉంచదు. రాత్రి తలుపు గడియ వేసి మళ్లీ లేచొచ్చి తోసి చూసేవాళ్లుంటారే, అలా ప్రతి ముడినీ రెండు వేళ్లతో లాగి చూస్తుంది. నా ముళ్ల దగ్గర ఆగింది.

"మూడోది ఎందుకు?"

నాకు తెలియకుండానే మూడేసి వేస్తున్నాను. "మావైపు పెళ్లిలోనైనా రెండు ముళ్లని ఎవరూ నమ్మరండీ" అన్నాను. ఎదుటివాళ్లు ఎవరైనా సరే పేరు పెట్టి పిలుచుకునే ఈ దేశంలో, ఆవిణ్ణి చూస్తే మాత్రం నాకు "అండీ" దానంతటదే వచ్చేస్తుంది.

"నమ్మకపోతే పెళ్లి మానుకోండి. దుప్పటి మీద గడ్డలు కట్టొద్దు."

ఒక మంగళవారం కుట్టువాళ్ల జట్టులోంచి ఒకావిడ చూడ్డానికొచ్చింది. ఇలాంటివాళ్లని ఇక్కడ క్విల్టు పోలీసులంటారు. నిజంగానే అంటారు, నా కల్పన కాదు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, ముళ్ల మధ్య దూరం కొలిచి, "నూలు దూదైతే నాలుగంగుళాలకే ముడి పడాలి, లేకపోతే ఉతకగానే ఉండలు కడుతుంది" అంది. అది నిజమే. పాలియెస్టర్ దూదైతే కొంచెం దూరమైనా ఓర్చుకుంటుంది గానీ నూలుది ఊరుకోదు. మా చిన్నప్పటి పరుపుల్లో ముళ్లు తెగిన చోట దూదంతా కాళ్ల దగ్గర కొండయి, నడుము దగ్గర లోయయి కూర్చునేది. పెద్దమ్మ అంతా విని, "నువ్వు ఇప్పుడేం కుడుతున్నావ్?" అని అడిగింది.

"మా అమ్మాయి పెళ్లికి."

"ఎప్పుడు పెళ్లి?"

ఆవిడ కాస్త తటపటాయించి, మనవడు ఒకటో క్లాసుకొచ్చాడని చెప్పింది. పెద్దమ్మ ఇంకేమీ అనలేదు, కాఫీ పోసిచ్చింది. నోరు ఆపుకోవడానికి ఎంత కష్టపడిందో నేను చూశాను.

మొన్న జనవరిలో మా అమ్మ వచ్చింది. ఆర్నెల్లు ఉండాలి, బయట మంచు, ఏం తోస్తుంది? హాలుకి తీసుకెళ్లాను. అమ్మకి ఇంగ్లిషు రాదు, పెద్దమ్మకి తెలుగు వినబడే సమస్యే లేదు. ఇద్దరూ ఐదు నిమిషాల్లో ఒకరి మీద ఒకరు అజమాయిషీ మొదలెట్టారు. చట్రం చూడగానే అమ్మ, "ఏమే, మన వీధిలోకొచ్చి పరుపులు కుట్టేవాడు దబ్బనంతో ఇలాగే వేసేవాడు కదూ?" అంది. ఎవరూ చెప్పకుండానే దారం తెంపకుండా వరసంతా గుచ్చుకుంటూ పోయింది. పెద్దమ్మ వెనకే నిలబడి ఒక్కో ముడీ లాగి చూసింది. మూడేసి ముళ్లు. ఒక్కటీ కదల్లేదు. నావైపు తిరిగి, "మీ అమ్మకి ఏమీ చెప్పకు" అని వెళ్లిపోయింది.

సాయంత్రానికి దుప్పటి అయిపోయింది. అంచులు మడిచి మిషను మీద వేశాక, అమ్మ పర్సులోంచి కాగితం పొట్లం తీసి, కొత్తగుడ్డ కదా అని ఓ మూల చిటికెడు పసుపు రాసింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆపబుద్ధి కాలేదు.

పెద్దమ్మ కంట ఆ మరక పడకుండా ఉంటుందా? "ఇదెక్కడిది!" అని దుప్పటి గభాల్న లాక్కుని వంటగది తొట్టి దగ్గరికి పరిగెత్తి, బట్టల సబ్బు అరగదీసింది. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో మనకి తెలుసు. పచ్చమరక క్షణంలో ఎర్రగా పూసింది. పెద్దమ్మ సబ్బు వంకా, మరక వంకా, నా వంకా చూసింది. డెబ్భై ఎనిమిదేళ్లలో ఆవిడ నోట మాట రాకపోవడం ఆ హాలు ఎరుగదు.

అమ్మ దగ్గరికెళ్లి తొంగి చూసి, చాలా తృప్తిగా, "మంచిదే. నేను పసుపు పెట్టాను, ఆవిడ కుంకుమ పెట్టింది" అంది.

ఆ మాట ఇంగ్లిషులోకి మార్చి చెప్పమని పెద్దమ్మ నన్ను మూడు మంగళవారాలుగా అడుగుతోంది.