గోదారి దీవులకు సార్వత్రిక ఎన్నికలు

భద్రాచలం పక్కన ఆంధ్రాలో కలిసిన ఐదు పంచాయతీలూ మాకిచ్చేయండని 2022లో అప్పటి తెలంగాణ మంత్రి పువ్వాడ అజయ్ గారు అడిగారో లేదో, అప్పటి ఆంధ్రా మంత్రి బొత్స గారు ఇంతెత్తున లేచారు. భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటి వచ్చిన వారంలోనే ఈ ప్రేమలూ పొంగాయి.

ఇద్దరికీ వద్దు, నన్నడిగితే. కరీబియన్ సముద్రంలో మోంట్సెరాట్ అని బ్రిటిషు వాళ్ళ దీవి ఒకటుంది. అగ్నిపర్వతం పేలి రాజధాని బూడిదలో పూడుకుపోయింది. ఉన్న జనం ఐదు వేల లోపే. అయినా తొమ్మిది మంది సభ్యులు, సొంత ప్రీమియరు, సార్వత్రిక ఎన్నికలు! మన ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు ఏం పాపం చేశాయి? చుట్టూ నీళ్ళు ఎలాగూ ఉన్నాయి.

మన రాజధాని గోదారి 43 అడుగుల మొదటి హెచ్చరిక దాకా ఊళ్ళో, 48కి బడి డాబా మీద, 53కి గుట్ట మీద. ప్రభుత్వం కొట్టుకుపోతే నాటుపడవలో మధ్యంతర ఎన్నికలు. అధికార పక్షం గుర్తు టార్పాలిన్, ప్రతిపక్షానిది పులిహోర పొట్లం. భద్రాచలం నుంచి చర్ల పోయే బస్సులకు వీసా వేయడానికి విదేశాంగ శాఖ తప్పదు. రాములవారు తెలంగాణలో, ఆయన భూములు ఎనిమిది వందల ఎకరాల పైచిలుకు పురుషోత్తపట్నంలో కనుక, ఆయన ప్రవాస భూస్వామి. ఓటు పోస్టులో వేస్తారు.

ఓటంటే ఈ మన్యానికి తెలియదనుకునేరు. 2014 ఏప్రిల్ 30న ఎండలో నిలబడి వేశారు. నెల తిరక్కుండానే, మే 29న, ఈ ఊళ్ళను ఆంధ్రాలో కలుపుతూ ఆర్డినెన్సు. వాళ్ళు గెలిపించిన సున్నం రాజయ్య హైదరాబాదు అసెంబ్లీలో కూర్చుంటే, వర రామచంద్రపురం మండలంలోని ఆయన సొంతూరే ఆంధ్రాకు పోయింది. 2019 దాకా అమరావతిలో వాళ్ళు ఓటేసి పంపిన ఎమ్మెల్యే ఒక్కడూ లేడు. ఐదో షెడ్యూలు ప్రాంతమిది. ఏ గ్రామసభను అడిగి గీత మార్చారయ్యా? పోలవరం డ్యాములో మునిగే తెలంగాణ ఊళ్ళు ఆంధ్రాలో కలిస్తే అడ్డు చెప్పే పక్క రాష్ట్రం ఒకటి తగ్గుతుంది, అంతే కదా లెక్క!

అప్పుడా ఐదూళ్ళ కోసం పోట్లాట ఎందుకంటే రోడ్డు కోసం, కరకట్ట కోసం. మరి అదే ఆర్డినెన్సులో పోయిన చింతూరు, కూనవరం, కుక్కునూరు, వేలేరుపాడు? అక్కడ కోయవాళ్ళు పిల్లల్నీ మేకల్నీ తోలుకుని గుట్టలెక్కి కూర్చున్నారే, వాళ్ళను మాకిమ్మని ఒక్క మంత్రీ అడగలేదేం? అడిగితే వాళ్ళ పునరావాసం కూడా నెత్తిన పడుతుందనేగా!