కౌల్ మెడ పద్యము: టీకాతాత్పర్యసహితము

ఆ.వె.
ముందు మెడను జార్చి ముడుతలన్ దింపుచో
వెనుక మెడకుఁ గొంత బిగువు గూర్చి
భుజముమీఁదఁ బట్టి పొసఁగంగఁ గుట్టుము
జాఱ దింక నదియు జన్మమందు

అవతారిక. సాగెడు బనియన్ గుడ్డతో టాపు కుట్టి, దాని ముందు మెడను నెలవంకల వంటి మడతలుగా వ్రేలాడ విడుచుటను దర్జీలు కౌల్ నెక్ అందురు. అద్దము ముందు నిలిచినంతసేపు అది చక్కగానే యుండును గాని, నాలుగడుగులు వేయునప్పటికి ఒక భుజము జారి, మడతలు ఒకవైపునకు ఒరిగి, ధరించినవారి చేయి మాటిమాటికి మెడ యొద్దకు పోవుచుండును. ఆ చేతికి విశ్రాంతి కలిగింపఁదలచి కవి ఈ ఆటవెలదిని చెప్పుచున్నాడు.

టీక. ముందు మెడను = కంఠము క్రింది కత్తిరింపును, జార్చి = కొలతకు మించిన గుడ్డనిచ్చి వదులుచేసి, ముడుతలన్ = మడతలను, దింపుచోన్ = వ్రేలాడదీయునప్పుడు, వెనుక మెడకున్ = వీపువైపు కత్తిరింపునకు, కొంత బిగువు = ఇంచుక ఇరుకుదనమును, కూర్చి = కలిగించి, భుజముమీఁదన్ = భుజపు కుట్టు వెంబడి, పట్టి = సాగని సన్నని పేలికను (ఇచట బిడ్డయని అర్థము చెప్పువారు సూది పట్టి యెరుగరు), పొసఁగంగన్ = సరిపడునట్లు, కుట్టుము; అదియు = ఆ మెడయు, జన్మమందు = బ్రతుకున, ఇంక జాఱదు.

తాత్పర్యము. మడతలు కనబడునది ముందువైపున. వాటిని నిలుపునది వెనుక మెడయు భుజములును.

విశేషములు. జార్చుట యనగా మెడను లోతుగా కోయుట కాదు. కాగితపు ప్యాటర్నులో ముందు భాగమును మెడనుండి చంకవైపునకు రెండు మూడు గీతల వెంబడి చీల్చి, ఆ చీలికలను విప్పి పరచగా, వంపు తిరిగిన మెడగీత నడిమి మడతకు లంబముగా నిలిచిన సరళరేఖ యగును. ఎంత విప్పిన మడతలు అంత లోతగును. ఆ రేఖకు పైన నాలుగైదు అంగుళముల గుడ్డను అదనముగా ఉంచి లోనికి మడచినచో, ఫేసింగ్ అనబడు ఆ లోమడుపు వలన మడత విచ్చుకొనినపుడు గుడ్డ తిరగవైపు బయటపడదు; దాని రెండు కొనలను భుజపు కుట్టులోనే బంధించిన యెడల అది పైకి తిరగబడుటయు మానును.

మగ్గపు గుడ్డను పడుగుపేకలకు ఏటవాలుగా, అనగా జాకెట్లు కుట్టువారు క్రాస్ కటింగ్ అనునట్లు, కోసిననే గాని అది ఇట్లు ఒదిగి వ్రేలాడదు. 1920ల నాటి ప్యారిస్‌లో దుస్తుల రూపకర్త మడలిన్ వియొనే గడించిన కీర్తికి ఆ ఏటవాలు కోతయే ఆధారము. బనియన్ గుడ్డ దారపు ఉచ్చులతో అల్లబడినది గనుక నిలువుగా కోసినను ఒదుగును. ఆ గుణమే దాని దోషమును. దళసరి నూలు ఇంటర్‌లాక్ మెడ దగ్గర నిక్కి నిలుచును. విస్కోస్ లైక్రా అందముగా జారును గాని, తన బరువుతో తన భుజపు కుట్టునే సాగదీసికొనును. కనుకనే పట్టి. నూలు టేపైనను, పారదర్శకమగు సన్నని ఎలాస్టిక్ అయినను, దానిని సాగిన కుట్టును బట్టి గాక కాగితము మీది భుజపు కొలతను బట్టి కత్తిరింపవలెను. "పొసఁగంగ" అనుటలోని కవిహృదయ మిదియే. సూది మాట కవి చెప్పలేదు. వాడిమొన సూది ఉచ్చును తెంపి చిల్లు చేయును గనుక, మొన గుండ్రనిదైన బాల్ పాయింట్ సూదితో, సాధారణముగా 75/11 సంఖ్య గలదానితో, సన్నని జిగ్‌జాగ్ కుట్టు వేయుట సంప్రదాయము.

ఇక బిగువు. కౌల్ మెడ రెండు మేకుల నడుమ వ్రేలాడు పూలదండ వంటిది; మేకులు ఎడమైనకొలది దండ బిగిసి వంపు చచ్చును, ఒక మేకు క్రిందికి దిగిన దండ ఒరుగును. ఆ మేకులు భుజములైనచో, వాటి ఎడమును శాసించునది వెనుక మెడ. అందువలన దానిని మెడ మొదటికి దగ్గరగా కోసి, అంచు పొడవులో పదింట తొమ్మిది వంతులుండు పట్టీని కొద్దిగా సాగదీయుచు కుట్టి ముగింపవలెను. వీపు లోతుగా కోసిన జాకెట్లకు పైన డోరీ కట్టుటయు ఈ న్యాయముననే. దానిని కేవలము కుచ్చుల కొరకైన అలంకారమని తలచువారు ముడి విప్పి నాలుగడుగులు నడచి చూడవచ్చును.

పూర్వపక్షము. ఇంత శ్రమయేల, లోపల ఒక పిన్నీసు చాలదా యని కొందరు. చాలదు. పిన్నీసు చీరకుచ్చిళ్లకు దైవమే యైనను, ఇచట ఉచ్చులను పొడిచి చిల్లు చేయును. అంతియే గాక, రెండు కొనల నడుమ స్వేచ్ఛగా వ్రేలాడవలసిన మడతను మూడవచోట పట్టి నిలుపుటచే అది సంచివలె ఉబ్బును. వంగినపుడు మెడ తెరచుకొనుననుట మాత్రము న్యాయమైన ఆక్షేపణ. లోపల బిగుతైన అడ్డుగుడ్డ నొకదానిని భుజపు కుట్టులలో కలిపి కుట్టుట దానికి సమాధానము. కవి దీనిని విడిచిపెట్టుటకు ఛందస్సు తప్ప వేరు కారణము కానరాదు.

జన్మమందు అనునది అతిశయోక్తి. తడిసిన టాపును హ్యాంగరుకు తగిలించినచో నీటి బరువుకు ఎట్టి భుజమైనను సాగును గనుక, దానిని పరచి ఆరబెట్టువారికే ఈ ఫలశ్రుతి. గుడ్డను ముందుగా ఉతికి ఆరవేయకుండ కత్తెర పెట్టువారికి మొదటి పాదము కూడ వర్తింపదు.