ఎత్తుబండి ఆసామి

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ పట్టణాల్లో స్థిరపడిన తెలుగు గృహస్థుల్లో, గ్రీన్‌కార్డు, ఇల్లు, పెరట్లో గ్రిల్లు వరుసగా అమరి కోరుకోవడానికి ఇంకేమీ మిగలనప్పుడు పికప్ ట్రక్కు కొని, ఉన్న ఎత్తు చాలదని దాన్ని మరో నాలుగంగుళాలు లేపించే తెగ ఒకటి ఉంది. ఆ తెగవాణ్ణి ఎత్తుబండి ఆసామి అనవచ్చు. పికప్ అంటే ముందు మనుషులకు గది, వెనుక సరుకుకు తెరిచిన తొట్టి ఉన్న బండి. 1948లో మొదలైన ఫోర్డ్ ఎఫ్ శ్రేణి 1977 నుంచి అమెరికా ట్రక్కుల అమ్మకాల్లో అగ్రస్థానం విడవలేదు, ఆ తొట్లలో ఇటుకలూ గడ్డిమోపులూ ఎక్కుతుంటాయి. ఆసామి తొట్టిలో ఇంతవరకూ ఎక్కిన సరుకు రెండు సోనామసూరి బస్తాలు.

ఎత్తడం రెండు రకాలు. ఛాసిస్‌కూ బాడీకీ నడుమ దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే లేపడం బాడీ లిఫ్టు. ఇందులో చక్రాల దగ్గరి కీళ్ల వంపు మారదు, ఖర్చూ తక్కువ, అందుకే ఆసామికి అది చిన్నతనం. స్ప్రింగులూ షాకబ్జార్బర్లూ మార్చి మొత్తం బండినే లేపే సస్పెన్షన్ లిఫ్టునే అతడు ఎంచుకుంటాడు, అక్కడి నుంచే అరుగుదల పద్దు తెరుచుకుంటుంది. బండి పైకి లేచినా చక్రాలు నేలమీదే ఉండాలి గనుక, ఇంజను బలాన్ని ముందు చక్రాలకు చేర్చే కడ్డీలు ఏటవాలుగా తిరగవలసి వస్తుంది. వాటి చివర ఉండే సీవీ జాయింట్లకు, అంటే వంపులోనూ ఒకే వేగంతో తిరిగే కీళ్లకు, తొడిగిన రబ్బరు తొడుగులు ఆ వంపుకు చిట్లి, లోపలి గ్రీజు బయటికి చిమ్మి, దుమ్ము లోపలికి చేరుతుంది. మలుపు తిరిగేటప్పుడు వినిపించే టకటక చప్పుడు అలా అరిగిన కీళ్లదే. ఆసామి పాట సౌండు పెంచుతాడు.

తెనాలి పక్క పల్లెలో అతని తాతగారు బండి కట్టేముందు ఇరుసుకు ఆముదంలో మసి కలిపిన కందెన రాయించేవారు. మనవడి బండికి కొత్తగా బిగించిన, చక్రాలను పట్టి ఉంచే బాల్ జాయింట్లకు గ్రీజు నిపుల్సు ఉన్నాయి గాని, వాటికి గ్రీజు గన్ను పెట్టాలన్న సంగతి లిఫ్టు కిట్టుతో వచ్చిన కాగితంలోనే ఉండిపోయింది. మొదటి 500 మైళ్ల తరువాత బోల్టులన్నీ మళ్లీ బిగించి, చక్రాల వాలు సరిచూసే అలైన్‌మెంటు చేయించాలన్నదీ ఆ కాగితంలోనిదే.

కొత్త టైర్లు వేసిన బండిని కార్యసిద్ధి హనుమాన్ ఆలయానికి వాహనపూజకు తీసుకెళ్లినప్పుడు, పట్టుచీరలో ఉన్న తల్లి తలుపు హ్యాండిల్ వైపు తలెత్తి చూసి, “ఇది బండా, గడ్డివామా నాయనా? నిచ్చెనేదీ?” అంటుంది, నాటి నుంచి వేల డాలర్ల సస్పెన్షన్ పక్కన తొట్టిలో ఒక ప్లాస్టిక్ స్టూలు శాశ్వతంగా ప్రయాణిస్తున్నది. బండి మొత్తానికి ఇంతకన్నా ఉపయోగపడే భాగం లేదని చెప్పడం అతిశయోక్తి కాదు.

టెక్సాస్ 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాల భద్రతా తనిఖీ ఎత్తివేసింది. డాలస్, కాలిన్, డెంటన్ వంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. పొగ పరీక్ష చేసేవాడు బాల్ జాయింటు కదిపి చూడడు. పైగా 31 అంగుళాల టైర్ల స్థానంలో 35 అంగుళాలవి వేసి కంప్యూటరుకు చెప్పకపోతే, మీటరు 60 మైళ్ల వేగం చూపేటప్పుడు బండి దాదాపు 68తో పోతుంటుంది, తిరిగిన దూరాన్నీ మీటరు అదే పాళ్లలో తక్కువగా రాసుకుంటుంది. అందువల్ల 5,000 మైళ్లకు చేయించవలసిన టైర్ల స్థానాల మార్పిడి, సకాలంలో చేయించినా, 5,600 దాటాకే జరుగుతుంది.

ఆసామికి ఎప్పుడో విసుగు పుడుతుంది, బండి అమ్మకానికి వస్తుంది. కొనబోయేవారు మెరుపు చూసి మురిసిపోక, ఒకసారి కిందికి దూరి రబ్బరు తొడుగులు తడిమి చూసుకోవాలి; మీటరు 40,000 చూపే నాటికి ఆ కీళ్లు 45,000 మైళ్లు నడిచి ఉంటాయి.